దిండు కింద నవల

మా అమ్మమ్మకు రెండు కళ్లకూ శుక్లాలు. అక్షరం ఆనేది కాదు. సాయంత్రం దీపం పెట్టే వేళకు వసారాలో నులకమంచం మీద కూర్చుని, "ఇవాళ వాక్యం ఎవరమ్మా?" అని కేకేసేది. వేసవి సెలవులకు వెళ్లినప్పుడల్లా ఆ వంతు నాదే. 1980ల్లో, నాకు 14 ఏళ్లు నిండిన ఎండాకాలం, సాయంత్రం ఆమెకు కీర్తనలు చదివి వినిపించి, అందరూ పడుకున్నాక దిండు కింద నుంచి 'తులసిదళం' తీసి చదువుకునేదాన్ని. బజారులో అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చాను. పాత పేపరుతో అట్ట వేసి, పగలు లెక్కల నోట్సుల మధ్య దాచేదాన్ని.

యండమూరి వీరేంద్రనాథ్ గారి ఆ నవల వారపత్రికలో ధారావాహికగా వస్తున్న రోజుల్లో ఇంటిల్లిపాదీ పత్రిక కోసం పోటీపడిన ఇళ్లు నాకు తెలుసు. ఒక చిన్నపాప మీద చేతబడి జరిగే కథ. మూడో రాత్రి చదువుతుంటే ఇంటి పెంకుల మీద ఎలక పరిగెత్తింది. నా ప్రాణం గొంతులోకి వచ్చింది. పుస్తకం మూసిందీ లేనిదీ కూడా గుర్తులేదు, వెళ్లి అమ్మమ్మ పక్కలో దూరాను.

తెల్లారాక పెరట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అడిగింది.

"రాత్రి నా పక్కలో దూరావేంటే?"

"పీడకల వచ్చింది అమ్మమ్మా."

"కలా, కథా? మూడు రోజుల్నుంచీ నీ దిండు దగ్గర పాత కాయితం వాసన వస్తోంది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మా ఇళ్లలో నవల పట్టుబడితే ఎక్కడికి పోతుందో తెలుసు. వీధిలో ఒక అన్నయ్య దాచుకున్న డిటెక్టివ్ పుస్తకాలు నీళ్ల పొయ్యిలో కాలిపోవడం కళ్లారా చూశాను. అమ్మమ్మ పొయ్యి మాట ఎత్తలేదు. "కథ చెప్పు" అంది. "మొదట్నుంచీ చెప్పు."

అరగంట పైనే చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. నేను చదివినంత మేరా అయ్యాక అడిగింది.

"చదువుతున్నంతసేపూ నువ్వు ఏం కోరుకున్నావు?"

"పాప బతకాలని."

"మంచిదే. దేనికి భయపడ్డావు?"

"ఆ చేతబడికి."

"ప్రార్థన చేసుకున్నావా?"

"చేసుకున్నా. అయినా భయం పోలేదు."

"అంటే ప్రభువు కంటే దానికే బలం ఎక్కువనిపించింది."

"రాత్రి అనిపించింది. ఇప్పుడు లేదు."

నాలుగు కాయలు ఒలిచేదాకా ఏమీ మాట్లాడలేదు. తరవాత, "అయితే ఆ పుస్తకం నీకిప్పుడు వద్దమ్మా. తిరిగిచ్చేసిరా. పెద్దయ్యాక కావాలంటే చదువుకో. పగలు చదువుకో" అంది.

ముప్పై ఏళ్లకు పైగా సండే స్కూలులో పిల్లలకు చెబుతున్నాను. "టీచర్, ఈ నవల చదవచ్చా?" అని అడిగే పిల్లలూ, "మా అమ్మాయి ఏవేవో చదువుతోంది, ఏం చేయమంటారు?" అని అడిగే తల్లులూ ఎప్పుడూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేదంతా ఆ చిక్కుడుకాయల దగ్గర నేర్చుకున్నదే. ఆ పుస్తకంలో ఏముందని అమ్మమ్మ ఆరా తీయలేదు. అది నాచేత ఏం కోరుకునేలా చేసింది, దేనికి భయపడేలా చేసింది అని అడిగింది.

మన సంఘాల్లో సాధారణంగా అడిగే ప్రశ్నలు వేరు. బూతులున్నాయా? దయ్యాలున్నాయా? హత్యలున్నాయా? ఈ ప్రశ్నలు అక్కర్లేదని నేననను. కామాన్ని రెచ్చగొట్టడానికే రాసిన పుస్తకానికి ఇంకో ప్రశ్న అవసరమే లేదు, మూసి పక్కన పెట్టడమే. కానీ ఈ లెక్క ఒక్కటే పెట్టుకుంటే న్యాయాధిపతుల గ్రంథం 19వ అధ్యాయాన్ని ఏం చేస్తాం? దావీదు బత్షెబను రప్పించుకున్న రాత్రిని ఏం చేస్తాం? సౌలు ఏన్దోరులో సోదె చెప్పే స్త్రీ ఇంటికి మారువేషంలో వెళ్లడం కూడా మన బైబిల్లోనే ఉంది. పాపం కనిపించడం వేరు, పాపం మీద ఆశ పుట్టించడం వేరు. అలాగే ఒక్క చెడ్డ మాట లేని పుస్తకం కూడా ఇరుగుపొరుగును చూసి కుళ్లుకోవడం నేర్పగలదు. హృదయాన్ని అన్నిటికంటే జాగ్రత్తగా కాచుకోమని సామెతల గ్రంథం చెబుతుంది. కథ నేరుగా వెళ్లి తట్టేది ఆ తలుపునే.

దానియేలు తిననిది, చదివింది

బబులోనుకు చెరపట్టుకుపోయిన దానియేలు గురించి మనం సండే స్కూలులో పాటలు పాడతాం. రాజు పెట్టిన భోజనం ముట్టనన్నాడు, శాకాహారం తిన్నాడు. అదే మొదటి అధ్యాయంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని గబగబా దాటేస్తాం. ఆ నలుగురు కుర్రాళ్లకు కల్దీయుల భాష, వాళ్ల గ్రంథాలు నేర్పమని రాజు ఆజ్ఞ. నక్షత్రాలు చూసి జాతకాలు చెప్పే జనం వాళ్లు, గ్రంథాల నిండా వాళ్ల దేవుళ్ల కథలే. దానియేలు ఆ చదువు వద్దనలేదు. చదివాడు, తోటివాళ్లందరికంటే బాగా చదివాడు. ఆ విద్యలో నేర్పు ఇచ్చింది దేవుడేనని కూడా అక్కడే రాసి ఉంది. పళ్లెం దగ్గర గీత గీసినవాడు పుస్తకం దగ్గర గీయలేదు. ఎక్కడ గీయాలో అతనికి తెలుసు. మనం నేర్చుకోవలసింది ఆ తెలివి.

పౌలు కూడా అంతే. ఏథెన్సులో అరేయొపగు మధ్య నిలబడి గ్రీకు కవుల మాటనే సాక్ష్యంగా తెచ్చుకున్నాడు. ఆ మాట అరాటస్ అనే కవి జ్యూస్ దేవుణ్ణి పొగుడుతూ మొదలుపెట్టిన కావ్యంలోది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయంలో చెడు స్నేహాల గురించి ఒక వాక్యం ఉంది, మన పిల్లలందరికీ కంఠతా వచ్చు. అది మెనాండర్ అనే హాస్యనాటక రచయిత మాట అని పండితులు చెబుతారు. పౌలుకు 300 ఏళ్లకు పైగా ముందువాడు. ప్రేమ చిక్కులు, తప్పిపోయిన బిడ్డలు, చివరికి కలిసిపోవడాలు, ఇవీ ఆయన నాటకాలు. ఈ రోజు భాషలో చెప్పాలంటే వారపత్రిక సీరియల్ రచయిత. పౌలు ఆ నాటకాల్ని సంఘంలో ఆడించమనలేదు. అందులో నిజమైన మాట ఒకటి ఉంటే, దాన్ని తీసుకుని ప్రభువు పనికి వాడాడు.

అయితే ఎఫెసు మాటేమిటని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగాలి కూడా. అపొస్తలుల కార్యములు 19లో మాంత్రిక గ్రంథాలు తెచ్చి అందరి ముందూ కాల్చేశారు. వాటి వెల లెక్క కడితే 50,000 వెండి నాణేలు. ఈ భాగాన్ని నేను చాలాసార్లు చదివాను. అక్కడ రెండు సంగతులు గమనించండి. అవి కథల పుస్తకాలు కావు, మంత్రం ఎలా వేయాలో చెప్పే పుస్తకాలు, ఆ విద్య చేసినవాళ్లే తెచ్చారు. రెండోది, ఎవరి పుస్తకాలు వాళ్లు తెచ్చుకున్నారు. పక్కింటి వాడి పుస్తకం లాక్కొచ్చి ఎవరూ కాల్చలేదు. మా వీధిలో అన్నయ్య పుస్తకాలు పొయ్యిలో పెట్టినప్పుడు ఆ అన్నయ్య మారలేదు. దాచే చోటు మాత్రం మార్చుకున్నాడు.

హంతకుడు దొరికాక

జనం మెచ్చే కథల రకాలన్నిటిలో విశ్వాసికి దగ్గరి చుట్టం డిటెక్టివ్ కథ అని నా నమ్మకం. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు వెంట రాత్రుళ్లు తిరిగిన తరం మాది. ఆ కథ నడిచేది ఒక నమ్మకం మీద. దాచినది ఎప్పటికైనా బయటపడుతుంది, ఒక్క ప్రాణం పోయినా దానికి లెక్క చెప్పాల్సిందే. కయీను తమ్ముణ్ణి చంపి, నాకేం తెలుసన్నప్పుడు నేలలోంచి రక్తం కేక వేసింది. డిటెక్టివ్ కథ అక్కడే మొదలైంది.

ఈ రకం కథల్ని ఇంగ్లండులో ఒక స్థాయికి తెచ్చినవాళ్లలో గట్టి విశ్వాసులు చాలామంది ఉన్నారు. రోనాల్డ్ నాక్స్ కాథలిక్ గురువు, తరవాతి కాలంలో బైబిల్ మొత్తాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. 1929లో డిటెక్టివ్ కథకు పది నియమాలు రాసింది ఆయనే. దయ్యాల్ని, అతీత శక్తుల్ని అడ్డం పెట్టుకుని చిక్కుముడి విప్పకూడదన్నది వాటిలో ఒకటి. డోరతీ సేయర్స్ పాస్టరు గారి కూతురు, ప్రభువు జీవితం మీద బీబీసీకి రేడియో నాటకాలు రాసిన రచయిత్రి. ఆమె డిటెక్టివ్ లార్డ్ పీటర్ విమ్సీ. 1937లో వచ్చిన 'బస్‌మన్స్ హనీమూన్' ముగింపు నేను మరిచిపోలేను. విమ్సీ తెలివితోనే హంతకుడు దొరికాడు, ఉరిశిక్ష పడింది. ఉరితీసే ఉదయం విమ్సీ చప్పట్లు కొట్టించుకోడు. ఆ గంట కొట్టే వేళకు భార్య ఒడిలో పసివాడిలా ఏడుస్తాడు. తప్పుచేసినవాడికి శిక్ష పడాలి, కానీ వాడు కూడా ఒక మనిషే. ఈ రెండూ ఒక్క గుండెలో ఉంచుకోవడం ఎంత కష్టమో ఆ పేజీలో ఉంది.

జి.కె. చెస్టర్‌టన్ సృష్టించిన ఫాదర్ బ్రౌన్‌ను మాత్రం ప్రతి విశ్వాసి ఇంట్లోకీ రానివ్వవచ్చని నేననుకుంటాను. మొదటి సంపుటి 1911లో వచ్చింది. పొట్టి మనిషి, గుండ్రటి మొహం, చేతిలో పెద్ద గొడుగు. పాపాల ఒప్పుకోలు ఏళ్ల తరబడి విన్న గురువు కాబట్టి దొంగ మనసు పోలీసు కంటే ఆయనకే బాగా తెలుసు. ఒక కథలో ఫ్లాంబో అనే గజదొంగ వజ్రాలతో తోటలో చెట్టెక్కి కూర్చుంటాడు. ఫాదర్ బ్రౌన్ కింద నిలబడి పోలీసుల్ని కేకేయడు. ఈ దారిలో పోతే నువ్వు ఎంత కిందికి జారతావో చూడు అని నెమ్మదిగా చెబుతాడు. కాసేపటికి పైనుంచి వజ్రాలు రాలి పడతాయి. తరవాతి కథల్లో ఆ ఫ్లాంబో ఫాదర్ బ్రౌన్‌కు స్నేహితుడు, తనే డిటెక్టివ్. సువార్త అన్న మాట వాడకుండా పశ్చాత్తాపాన్ని అంత బాగా చూపించిన కథ నేను మరొకటి చదవలేదు.

ఈ రకంలో జాగ్రత్త పడాల్సింది కూడా ఉంది. శవం వట్టి పొడుపుకథగా మిగిలిపోయే పుస్తకాలు చాలా. చచ్చినవాడి పేరు మూడో అధ్యాయానికే మరిచిపోతాం. అలాంటివి వరసగా పది చదివితే పేపర్లో హత్య వార్త చూసినప్పుడు కూడా మొదట పుట్టేది కుతూహలం, తరవాతే జాలి. ఆ క్రమం తిరగబడిందని తెలిసిన రోజు కొన్నాళ్లు ఆ కథలకు సెలవివ్వండి. మధుబాబు గారి షాడో వంటి యాక్షన్ నవలల దగ్గర కుర్రాళ్లను నేను ఒక్కటే అడుగుతాను, దెబ్బలు పడుతుంటే నీకు సంతోషం ఎక్కడ కలిగింది, న్యాయం గెలిచినప్పుడా, ఎముక విరిగినప్పుడా? చాలామంది నిజమే చెబుతారు.

కారున్న రాజశేఖరం

ప్రేమ నవలల గురించి పాస్టర్లు ఎక్కువగా మాట్లాడరు. అందులో దయ్యాలుండవు, రక్తం ఉండదు, పాతతరం నవలల్లో అసభ్యత కూడా ఉండదు. కాబట్టి ఫరవాలేదనుకుంటారు. నా అనుభవంలో అన్నిటికంటే లోతుగా దిగేవి ఇవే.

యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ' 1960ల నవల. జయంతి, రాజశేఖరం. మా అమ్మ తరం, మా తరం ఆ రెండు పేర్లతో పెరిగాయి. జయంతి ఆత్మాభిమానం నాకు ఇప్పటికీ ఇష్టం. డబ్బున్నవాడి ముందు తలవంచని పేదింటి ఆడపిల్లను గౌరవంగా చూపించడం చిన్న విషయం కాదు. కానీ ఆ తరహా నవలలు పదుల కొద్దీ చదివిన ఒక అక్క నాతో ఒకసారి మనసు విప్పి మాట్లాడింది. ఆమె భర్త మంచివాడు, తాగడు, ఆదివారం తప్పకుండా గుడికి వస్తాడు. అయినా పెళ్లయిన పదేళ్ల దాకా సాయంత్రం సైకిలు బెల్లు వినిపించినప్పుడల్లా తనకు ఏదో వెలితిగా ఉండేదంది. "కారు రావాలి కదమ్మా, సైకిలు వచ్చేది" అంది. నవ్వుతూ చెప్పలేదు. పదేళ్లపాటు ఆ మనిషికి తాను అన్యాయం చేశానన్న బాధతో చెప్పింది.

ఆమెకు కలిగినది కామం అనలేం. పొరుగువాడి ఇంటిని ఆశించకూడదన్న పదో ఆజ్ఞ దగ్గర ఆమె జారింది, ఆ ఇల్లు కాగితం మీద కట్టిన ఇల్లు. శృంగారం లేని నవల కాబట్టి పవిత్రమైన నవల అనుకోవడం పెద్ద పొరపాటు. క్రైస్తవ ముద్ర ఉన్న ప్రేమ నవలలకూ ఇదే వర్తిస్తుంది. ఫ్రాన్సీన్ రివర్స్ అనే అమెరికా రచయిత్రి మారుమనస్సుకు ముందు మామూలు రొమాన్సు నవలలు రాసేది. విశ్వాసంలోకి వచ్చాక హోషేయ ప్రవక్త కథను కాలిఫోర్నియా బంగారు గనుల కాలానికి తెచ్చి 1991లో 'రిడీమింగ్ లవ్' రాసింది. పదేపదే పారిపోయే భార్యను పదేపదే వెతుక్కుంటూ వెళ్లే భర్త. దేవుని ప్రేమ అంటే ఏమిటో ఆ నవల చదివాకే అర్థమైందన్న స్త్రీలు ఉన్నారు, వాళ్ల మాట నమ్ముతాను. అదే నవల చదివి, అలాంటి భర్తను నాకెందుకు ఇవ్వలేదు ప్రభువా అని ఏడ్చినవాళ్లూ ఉన్నారు. పుస్తకం ఒక్కటే, అది తట్టిన గుండెలు వేరు. అందుకే పెళ్లయినవాళ్లకు నేను చెప్పేది, ప్రేమ నవల పూర్తిచేసిన సాయంత్రం మీ ఆయన్ను చూస్తే మనసులో ఏం కదిలిందో గమనించుకోండి. కృతజ్ఞత పెరిగితే ఆ పుస్తకం మంచిది. చిరాకు పెరిగితే దాన్ని ఎవరికీ అరువివ్వకండి కూడా.

మంత్రదండం

ద్వితీయోపదేశకాండము 18లో సోదె, శకునం, మంత్రం, చచ్చినవాళ్లతో మాట్లాడటం, అన్నిటినీ దేవుడు అసహ్యించుకుంటాడని తేటతెల్లంగా ఉంది. దీన్ని సడలించే హక్కు నాకు లేదు, సడలించను. ప్రశ్న ఏమిటంటే, కథలో మంత్రం కనిపిస్తే అది ఈ ఆజ్ఞను మీరినట్టేనా అన్నది.

హ్యారీ పాటర్ నవలలు 1997 నుంచి 2007 దాకా వచ్చాయి. అమెరికాలో, న్యూ మెక్సికోలోని అలమొగోర్డో అనే ఊళ్లో 2001 డిసెంబరు 30న ఒక సంఘం వాళ్లు ఆ పుస్తకాలను మంటలో వేశారు. 2007లో వచ్చిన చివరి నవలలో హ్యారీ తల్లిదండ్రుల సమాధి మీద చెక్కి ఉన్న మాట మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయంలోది. ఇంకో సమాధి మీది మాట మత్తయి సువార్తలోది. దీన్నిబట్టి ఆ పుస్తకాలు పిల్లలందరికీ ఇవ్వమని నేను చెప్పడం లేదు. అందులో పిల్లలు పెద్దలతో అబద్ధాలాడి గెలిచే చోట్లు చాలా ఉన్నాయి, మంత్రవిద్య బడిలో పాఠంలా నేర్చుకునే విద్యగా ఉంది, ఈ రెండూ నాకు నచ్చవు. కథ పూర్తికాకముందే మంట పెట్టినవాళ్లు ఆ సమాధి దగ్గరిదాకా చేరలేకపోయారన్నదే నా బాధ.

సి.ఎస్. లూయిస్ నార్నియా కథలు 1950 నుంచి 1956 దాకా వచ్చాయి. 'మెజీషియన్స్ నెఫ్యూ'లో ఆండ్రూ అనే మేనమామ ఉంటాడు, ఇంటి అటక మీద మంత్రవిద్య సాధించే మనిషి. తను వెళ్లడానికి భయపడి, ప్రమాదంలోకి చిన్నపిల్లల్ని పంపిస్తాడు. మంత్రశక్తి మీద మోజు మనిషిని ఎంత పిరికివాడిగా, ఎంత క్రూరుడిగా చేస్తుందో ఆ ఒక్క పాత్ర చూపిస్తుంది. ఆ కథ చదివిన పిల్లవాడు మంత్రగాడు కావాలనుకోడు. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఉంగరం అంతే, మంచి చేద్దామని తొడుక్కున్నా చేతిని కాల్చే అధికారం అది. మంత్రం ఉందా అని చూస్తే ఈ పుస్తకాలన్నీ ఒకే గంపలో పడతాయి. మంత్రం మీద ఆశ పుట్టించాయా, వెగటు పుట్టించాయా అని చూడండి, వేరువేరు గంపలు అవుతాయి.

మన ఊళ్లలో ఇది ఇంకో రకంగా కూడా బరువైన విషయం. ఇంగ్లండు పిల్లవాడికి మంత్రదండం ఆటవస్తువు. మనకు బాణామతి, చేతబడి అన్నవి పక్క వీధి మాటలు. ఎవరికో జ్వరం తగ్గకపోతే ఒక ముసలామె మీద అనుమానం, ఆమెను చెట్టుకు కట్టి కొట్టడం, చంపేయడం కూడా తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో జరిగిన ఘోరాలే. చేతబడికి బలం ఉందన్న భయాన్ని పెంచే నవల ఆ ముసలామె మీద ఒక రాయి వేసినట్టే. 'తులసిదళం'ను ఘాటుగా విమర్శించినవాళ్లలో రంగనాయకమ్మ గారు ఉన్నారు. దేవుణ్ణి నమ్మని మార్క్సిస్టు ఆమె. దేవుడు తప్ప వేరే ఆధారం ఎరగని మనిషి మా అమ్మమ్మ. ఇద్దరూ ఆ భయం దగ్గరే వేలు పెట్టి చూపించారు.

బోధగా మారిన నవల

క్రైస్తవ నవల అని అట్ట మీద ఉంటే మనం తాళాలన్నీ తీసేస్తాం. అక్కడే మెలకువగా ఉండాలి. ఫ్రాంక్ పెరెట్టి 'దిస్ ప్రెజెంట్ డార్క్‌నెస్' 1986లో వచ్చింది, ఒక చిన్న ఊరి మీద దూతలూ దయ్యాలూ చేసే యుద్ధం. 1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు సంఘం ఎత్తబడటం తరవాత ఏడేళ్ల శ్రమల గురించి. చదువుతుంటే పేజీ ఆగదు, ప్రార్థన మీద ఆసక్తి రేగిందని సాక్ష్యం చెప్పినవాళ్లు ఎందరో. కానీ యవ్వనస్థుల కూడికలో ఒక తమ్ముడు ప్రకటన గ్రంథం గురించి చెబుతూ ఒక సంగతి వర్ణించాడు. వచనం ఎక్కడుందమ్మా అని వెతికితే లేదు. అది నవలలో సన్నివేశం. అతను అబద్ధం చెప్పలేదు, కథ అతని తలలో వాక్యం పక్కన కూర్చుండిపోయింది. ఇలాంటి నవల చదివితే, చదివిన వారంలోనే దానికి ఆధారమైన బైబిల్ భాగాన్ని తెరిచి, ఏది వాక్యం, ఏది రచయిత ఊహ అని పెన్సిలుతో గీతలు గీసుకోండి. నేను అలాగే చేస్తాను.

కథలు మంచివా కావా అన్న తగువు మన పూర్వులకూ ఉండేది. 'యాత్రికుని ప్రయాణం' రాసిన జాన్ బన్యన్ కుర్రతనంలో లేఖనాల కంటే బేవిస్ అనే వీరుడి కథలే ఇంపుగా ఉండేవని రాసుకున్నాడు. సంతలో అమ్మే చవక కథలవి, రాక్షసులూ ఖడ్గాలూ. తరవాత విశ్వాసి అయ్యాడు, వాక్యం ప్రకటించినందుకు ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. 1678లో అచ్చయిన ఆయన పుస్తకంలో నిరాశ అనే రాక్షసుడు, లోయలో అపొల్లియోనుతో కత్తియుద్ధం ఎక్కడినుంచి వచ్చాయంటారు? రాతప్రతి చూసిన స్నేహితుల్లో కొందరు అచ్చువేయమన్నారు, కొందరు వద్దన్నారని ఆయనే ముందుమాటలో చెప్పాడు.

ఇంట్లో ఎలా

మొదటిది, మీరు చదవని పుస్తకాన్ని పిల్లల చేతిలోంచి లాక్కోకండి. సగమైనా చదివి, అప్పుడు మాట్లాడండి. సమయం లేదంటే పిల్లల చేతనే కథ చెప్పించుకోండి. నోటితో చెప్పేటప్పుడు వాళ్లకే తెలుస్తుంది. చెప్పడానికి నోరు రాని చోటు ఒకటి వస్తుంది చూడండి, అక్కడ తల దించుకుంటారు. మీరు వేలు పెట్టనక్కర్లేదు, వాళ్ల మనస్సాక్షి అప్పటికే పెట్టింది.

ఇప్పుడు అద్దె పుస్తకాల కొట్లు పోయి, ప్రతిలిపి వంటి యాప్‌లలో సీరియళ్లు ఫోనులోకి వచ్చేశాయి. దిండు కింద పాత కాయితం వాసన రాదు. భాగం ఆఖర్న ఒక ముడి వేసి ఆపుతారు, ఆ ముడి కోసం అర్ధరాత్రి దాకా కూర్చుంటారు. వాటిలో పూర్తయిన కథలు మాత్రమే చదవమని, పడకగదిలో చదవద్దని మా సండే స్కూలు పెద్దపిల్లలకు చెబుతున్నాను. రాత్రి చదివిన కథకు పగటి కంటే బలం ఎక్కువ, మా అమ్మమ్మ పగలు చదువుకోమన్నది ఊరికే కాదు.

ఇంకొక మాట. మీకు ఏ హానీ చేయని పుస్తకం మీ పక్కవాడిని పడగొట్టవచ్చు. విగ్రహాలకు పెట్టిన మాంసం గురించి పౌలు కొరింథువాళ్లకు చెప్పింది ఇదే. చేతబడి భయంలోంచి కొత్తగా ప్రభువు దగ్గరికి వచ్చిన కుటుంబం మీ ఇంటికి వస్తుంటే, క్షుద్ర నవలలు బల్ల మీద పెట్టకండి. మీకు స్వేచ్ఛ ఉంది, వాళ్ల గుండెకు ఆ బలం ఇంకా రాలేదు.

మా తమ్ముడి కూతురికి 16 ఏళ్లు. శనివారం సాయంత్రాలు నా దగ్గరికి వస్తుంది. నేను కూర తరుగుతుంటే తను చదివిన కథ చెబుతుంది. ఈమధ్య అగాథా క్రిస్టీ 1939 నవల 'అండ్ దెన్ దేర్ వర్ నన్' పూర్తి చేసింది. చట్టానికి దొరకని పదిమంది, ఒక్కొక్కరి మీదా చావు పాపం ఉంది. వాళ్లను ఒక దీవికి రప్పించి, ఒక్కొక్కరినే చంపుతుంటారు. కథంతా ఊపిరి బిగబట్టి చెప్పింది. హంతకుడు ఎవరో చెప్పేముందు ఆగిపోయింది.

"అత్తా, వాళ్లంతా తప్పు చేసినవాళ్లే కదా? శిక్ష పడాల్సినవాళ్లే కదా?"

"అవును."

"మరి ఒక్కొక్కళ్లూ చస్తుంటే నాకెందుకు బాధేసింది? మొదట్లో చావాలనే అనుకున్నా. సగానికి వచ్చేసరికి వద్దనిపించింది."

"ఎవరి దగ్గర మారింది?"

కాసేపు ఆలోచించింది. "తెలీదు. రాత్రుళ్లు ఒకావిడకి, తన వల్ల చనిపోయిన పిల్లాడు గుర్తొస్తుంటాడు. అక్కడనుకుంటా."

ఆ రోజు కుటుంబ ప్రార్థనలో వాక్యం వంతు తనదే. రోమా పత్రిక 12వ అధ్యాయం చదువుతానంది, చివరి వచనాల దగ్గర నెమ్మదించి, మళ్లీ మొదటినుంచి చదివింది.